నొసటి మీది నల్లపుండు

డాక్టర్ సారమ్మను మనం పోయిన వారం పోలీసు ఠానా మెట్ల మీద వదిలేసి వచ్చాం. ఏప్రిల్ నెల, అందులోనూ వరంగల్ ఎండ. అక్కడ చేతులు కట్టుకుని నిలబడే మనిషి కాదావిడ అని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. లాకప్‌లో ఉన్న ఏలియాను చూడనివ్వనన్న ఇన్‌స్పెక్టర్‌ను ఎగాదిగా చూసి, "మంచిది, నీకు హుకుం ఇచ్చినాయనతోనే మాట్లాడుత" అని రిక్షా ఎక్కింది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెబుతాను. గొర్రెలకూ గొడ్లకూ వచ్చే దొమ్మ రోగం, అదే ఆంథ్రాక్స్, ఈస్టర్ ముందూ వెనకా ఊళ్లో మనుషులకు వచ్చింది. ఒంటి మీద చిన్న పొక్కు లేస్తుంది. నొప్పి ఉండదు. నడిమధ్య బొగ్గులా నల్లబడి చుట్టూ వాచిపోతుంది. మట్టెవాడ అవతల పద్మశాలీల గల్లీలో సిద్దిరాములు అనే నేతగాడు దాన్ని సెగగడ్డ అనుకుని పసుపు రాసుకుంటూ కూర్చుని ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. అతను పోయాక భార్య యాదవ్వ ముంజేతికి అదే పుండు లేచింది. ఆ గల్లీతో ఏ రాకపోకలూ లేని కోటదారి చిన్న చర్చిలో కొందరు ఆడవాళ్లకూ అదే పుండు.

ఇది మామూలు రోజుల్లో అయితే పశువుల డాక్టరూ మనుషుల డాక్టరూ కూర్చుని తేల్చుకునేవారు. కానీ అప్పుడే పేపర్ల నిండా రష్యా సంగతి. అక్కడేదో ఊళ్లో ఇదే రోగంతో జనం పోయారట. చెడిపోయిన మాంసం తిన్నారని వాళ్లంటారు, కాదు క్రిములతో ఆయుధాలు చేసే కార్ఖానా నుంచి బయటపడిందని అమెరికా వాళ్లంటారు. ఆ పేపర్లు చదివిన కళ్లతోనే మనవాళ్లు వరంగల్‌ను చూశారు. సారమ్మ నడిపే క్రిముల పరీక్షల ల్యాబులో ఏలియా టెక్నీషియన్. ఆ చర్చి మనిషి, కాపురం ఆ గల్లీ చివర. రెండు చోట్లా తిరిగే ఇల్లు ఊళ్లో అతనిదొక్కటే అని లాకప్‌లో పెట్టారు. అతని భార్య కృపమ్మకే పుండు లేచింది కదయ్యా అని ఎవరైనా అడిగితే, చెయ్యి జారి ఇంట్లో కూడా పడిందన్నారు పోలీసులు.

ఢిల్లీ నుంచి దిగిన డాక్టర్ రాజేశ్వర్ రావు ఈ సాయంత్రం ట్రంక్ కాల్‌లో ఒక్క మాట చెప్పాలి. రోగం తనంతట తాను వచ్చిందా, ఎవరైనా తెచ్చారా. "తెచ్చారు" అన్నాడో, ఏలియాను రాత్రికి హైదరాబాద్ తరలిస్తారు. అక్కడి నుంచి ఎక్కడికి పంపిస్తారో అడిగినా చెప్పే నాథుడుండడు.

అదీ సంగతి. ఇక సారమ్మ రిక్షా గెస్ట్ హౌస్ ముందు ఆగింది.

రాజేశ్వర్ రావు వరండాలో కూర్చుని సర్వపిండి తింటున్నాడు. క్రిములను ఆయుధాలుగా వాడే ప్రమాదం ఎక్కడ ఎంతుందో అంచనా వేసి సర్కారుకు చెప్పడం ఆయన ఉద్యోగం. అలాంటి ఉద్యోగం ఒకటుంటుందని ఈ సీరియల్ మొదలుపెట్టేదాకా మా ఎడిటర్ గారికి కూడా తెలియదు. సారమ్మా ఆయనా ఒకప్పుడు మెడికల్ కాలేజీలో ఒకే బల్ల మీద కప్పలను కోసినవాళ్లు. ఆయన ఢిల్లీ వెళ్లి బట్టతల సంపాదించుకున్నాడు, ఈవిడ ఇక్కడే ఉండి కళ్లజోడు సంపాదించుకుంది. మీరూ గారూ అనే మర్యాదలు వాళ్లిద్దరి మధ్య ఎప్పుడూ లేవు.

"దా సారమ్మా, కూసో. సర్వపిండి చేయించిన. ఢిల్లీల పైసలు పెట్టినా దొరకది."

"ఠానాకు కూడ పంపినవా, ఏలియాకు?"

ఆయన చేతిలోని ముక్క కంచంలో పెట్టాడు. "కోపం మీదున్నవ్."

"కోపం కాదు, తొందర మీదున్న. సాయంత్రం ఫోన్‌ల ఏం చెప్పబోతానవో జర నాకు ముందుగాల చెప్పు."

రాజేశ్వర్ రావు దాపరికం లేని మనిషి. చేతులు కడుక్కుని వచ్చి, తుండుగుడ్డతో తుడుచుకుంటూ చెప్పాడు. "ఎక్కడికి పోయినా నేను మూడు మాటలే అడుగుత. చేసే సాధనం ఉన్నదా. చేయగల మనిషి ఉన్నడా. జరిగిన తీరు మామూలుకు భిన్నంగ ఉన్నదా. సాధనం అంటే ఈ క్రిమే, నీ ల్యాబుల అల్మారాల ఉన్నది, కాదంటవా?"

"ఉన్నది. తాళం కూడ ఉన్నది."

"ఆ తాళంచెవి ఏలియా దగ్గర ఉంటది. అంటే మనిషి కూడ ఉన్నడు. ఇగ తీరు చూడు. ఊళ్లె ఒక్క గొర్రె చచ్చిన జాడ లేదు, పశువుల దవాఖానల కనుక్కున్న. రెండు జాగల మనుషులు పడ్డరు. వాళ్లది ఒక బావి కాదు. ఒక దుకాణంల మాంసం కొనరు. ఒకరి పెండ్లికి ఒకరు పోరు. నడుమ ఎవరికీ ఏం కాలే. ఎవరో రెండు దిక్కుల చల్లినట్టే ఉన్నది గద."

"ఏలియా ఎందుకు చల్లుతడు? సొంత చర్చిల, సొంత గల్లీల?"

"ఎందుకు అనేది పోలీసోళ్ల ప్రశ్న. నాది కాదు."

"నువ్వు నమ్ముతానవా, రాజేశ్వర్? నా మొఖం చూసి చెప్పు."

ఆయన ఆమె ముఖం చూడకుండానే చెప్పాడు. "నా నమ్మకంతోని పనిలేదు. ఢిల్లీ నన్ను 'జరిగిందా' అని అడగది. 'జరగలేదని పూచీ ఉంటవా' అని అడుగుతది. ప్రమాదం ఉన్నదని నేనంటే, తీరా లేకపోతే, నాకేం కాదు. జాగ్రత్తపరుడంటరు. లేదని నేనన్నంక రేపు ఊరు తాగే ధర్మసాగర్ నీళ్లల్ల ఏదన్న కలిసి, వరంగల్ వరంగలంత మంచాన పడితే? ఆ మాట ఎవరు అన్నరని అప్పుడు నన్ను వెతుక్కుంట వస్తరు."

ఆ మాటలో అబద్ధం లేదు. సారమ్మకు అది తెలుసు కాబట్టే ఇంకా మండింది. ఈ పనిలో ఉన్నవాళ్లు ఎప్పుడూ ఒకవైపే పొరబడతారు, ఎందుకంటే ఆవైపు పొరబడితే శిక్ష లేదు.

"నీకేం కాదు, నిజమే," అంది. "ఏలియాకు అయితది. నీ మూడు మాటలు విన్న. సాధనాన్ని అడిగినవ్, మనిషిని అడిగినవ్, ఊరిని అడిగినవ్. పుండును అడగలే."

"పుండునా?"

"ఆయుధం అంటే గాలిల కొడతరు. గాలిల కొడితే ఊపిరితిత్తులకు పోతది. దగ్గు, ఆయాసం, రెండు మూడు రోజులల్ల ఖతం. ఊపిరితిత్తులకు పట్టిన కేసు నాకు ఒక్కటి చూపియ్. అందరికీ తోలు మీదనే."

"చేతకానోడు చేసిండనుకో. మొదటిసారి, సరిగ్గ రాలే."

సారమ్మ నవ్వింది. నవ్వకపోతే ఏదైనా విసిరేదేమో. "మస్తున్నది నీ లెక్క. సాక్ష్యం దొరికితే తెలివైనోడు చేసిండంటవ్. దొరకకపోతే చేతకానోడు చేసిండంటవ్. ఎటు తిప్పినా చేసుడు మాత్రం చేసిండు. ఇగ ఏలియా ఎట్ల బయటపడాలె?"

రాజేశ్వర్ రావుకు నవ్వొచ్చింది. కప్పల బల్ల దగ్గర కూడా ఈవిడతో ఇదే వరస, ఏ నరం ఎక్కడుందో చివరికి ఆవిడ చెప్పిందే నిజమయ్యేది. "సరే. సాయంత్రం దాక టైమున్నది. ఏం చూపిస్తవో చూపియ్యి. మాటలు కాదు, కండ్లకు కనపడాలె."

"జీపు తియ్యమను," అంది సారమ్మ, అప్పటికే మెట్లు దిగుతూ.

ఆడవాళ్ల వార్డులో కృపమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పెన్సిలిన్ సూదులు పని చేస్తున్నాయి, జ్వరం దిగింది, వాపు కూడా తగ్గుముఖం పట్టింది. పక్క మంచాల మీద ఆ చర్చివాళ్లే. సుశీల టీచరమ్మ కూర్చుని చిన్న బైబిల్ చదువుకుంటోంది. సారమ్మను చూసి అందరూ లేవబోయారు.

"పండుకోన్రి, పండుకోన్రి. కృపమ్మా, ఇటు తిరుగు బిడ్డా."

కృపమ్మ తిరిగింది. ఆమె అడిగింది తన పుండు గురించి కాదు. "ఆయన తిన్నడా మేడమ్?"

"తింటడు. ఈయన పంపిస్తడు," అని సారమ్మ రాజేశ్వర్ రావును చూపించింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

సారమ్మ ఒక్కొక్క మంచం దగ్గరా ఆగింది. ఇదివరకూ చూసింది, కానీ ఒక్కొక్కరినీ వేర్వేరు రోజున, వేర్వేరుగా చూసింది. ఒక రోగికి వైద్యం చేసేటప్పుడు ఆ రోగి ఒక్కతే కళ్ల ముందుంటుంది. ఇప్పుడు వరసగా చూస్తుంటే అందరూ ఒక్క తీరుగా కనబడ్డారు. క్రైస్తవ స్త్రీలు, బొట్టు పెట్టరు. ఆ పెట్టని బొట్టు చోట, సరిగ్గా నొసటి నడుమ, కృపమ్మకు నల్లపుండు. సుశీల టీచరమ్మకూ అక్కడే. మూలమంచం మీది ముసలామెకు కొంచెం పైకి, పాపిటి మొదట్లో.

"రాజేశ్వర్, ఇటు దా. వీళ్ల చెంపలు చూడు. మెడలు చూడు. ఏమన్న ఉన్నదా?"

"లేదు."

"గాలిల వచ్చేది నొసలును ఏరుకోని కూసుంటదా? ఇంకోటి. చర్చిల మొగోళ్లు లేరా? వాళ్లు కూడ ఆ గాలే పీల్చిన్రు గద. ఒక్కనికి లేదు."

రాజేశ్వర్ రావు తన నోట్సు తిరగేశాడు. ఆయన నోట్సులో "ముఖం, బయట కనబడే భాగం" అని ఉంది. నిజమే, నొసలు ముఖంలోదే.

సారమ్మ కృపమ్మ పక్కన మంచం మీద కూర్చుంది. "బిడ్డా, మీ చర్చిల ప్రార్థన ఎట్ల చేస్తరు?"

కృపమ్మకు ఈ ప్రశ్న వింతగా తోచింది. డాక్టరమ్మా క్రైస్తవురాలే కదా. అయితే సారమ్మ వెళ్లేది హనుమకొండలో పెద్ద చర్చికి. అక్కడ బెంచీలుంటాయి, కళ్లు మూసుకుని తల వంచితే ప్రార్థన అయిపోతుంది. ఎన్నో ఏళ్లుగా ఏలియాతో కలిసి పనిచేస్తూ కూడా ఆవిడ ఒక్క ఆదివారం అతని చర్చి గడప తొక్కలేదు. ఆ సంగతి ఇప్పుడు తట్టి సిగ్గేసింది.

"మోకాళ్ల మీద ఉంటం మేడమ్. ఉపవాస ప్రార్థనలల్ల అయితే తల కింద ఆనిచ్చి." కృపమ్మ మంచం మీదే లేచి మోకరిల్లి, కొంగు తల మీదికి లాక్కుని, నొసలు దుప్పటికి ఆనించి చూపించింది. "ఈస్టర్ ముందు వారమంత రోజూ అదే. ఏడ్చుకుంట అట్లనే ఉంటం చాన సేపు."

"దేనికి ఆనిస్తరు? నేలకా?"

"మొగోళ్ల దిక్కు ఈతచాపలు. మా దిక్కు కొత్త జంపఖానా. పండుగకని నేయించిన్రు. మెత్తగ ఉన్నదని ఆడోళ్లకిచ్చిన్రు."

"ఎవరు నేసిన్రు బిడ్డా?"

"మా గల్లీల మార్కండేయులు మామ, ఆయన తమ్ముడు సిద్దిరాములు. మొన్న పోయినాయన."

సారమ్మ తలెత్తి రాజేశ్వర్ రావును చూసింది, అంతే. ఒక డాక్టరు జీవితంలో అలాంటి చూపు చూసే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆవిడకు ఆ క్షణం ఎంత సంతోషం కలిగిందో చెప్పడానికి నాకు మొహమాటం లేదు. ఇందరు జబ్బుపడ్డ వార్డులో సంతోషమేమిటని మీరు అడగొచ్చు, కానీ కలిగింది.

దారిలో జీపు చర్చి దగ్గర ఆపించి, పాస్టరు గారితో తలుపులకు తాళం వేయించింది. జంపఖానా అంచు నుంచి చిన్న ముక్క కత్తిరించి సీసాలో పెట్టి ల్యాబుకు పంపింది. క్రిమి పెరిగి కనబడాలంటే రేపటిదాకా ఆగాలి. "రేపు నా ట్రంక్ కాల్‌కు అందదు," అన్నాడు రాజేశ్వర్ రావు. "రేపు దాక ఆగే పనిలేదు," అంది సారమ్మ.

మార్కండేయులు ఇంట్లో మగ్గం ఆగి ఉంది. సిద్దిరాములు ఆయన తమ్ముడు. చావు జరిగిన ఇల్లు. ఆయన అరుగు మీద కండువా పరిచి "కూసోండ్రి" అన్నాడు. యాదవ్వ లోపల గోడకు ఆనుకుని ఉంది, చేతికి కట్టుతో. దవాఖానాకు పంపమంటే తమ్ముని పెద్దకర్మ దాటనీ అని మార్కండేయులు బతిమాలుకున్నాడు. సూదులు మాత్రం రోజూ నర్సు వచ్చి వేసి పోతోంది.

"మార్కండేయులన్నా, బాధల ఉన్నరు, ఎరుకే. ఒక్క మాట అడిగి పోత. ఈ గల్లీల ఇన్ని మగ్గాలున్నయి. రోగం మీ ఇంట్లనే ఎందుకు వచ్చింది?"

"మా నసీబు డాక్టరమ్మా."

"నసీబు కాదు. మీ ఒక్క ఇంట్ల, మిగతా ఎవరూ నేయనిది ఏం నేసిన్రు?"

ఆయన ఆలోచించాడు. "అందరం జంపఖానాలే నేస్తం. మేం చర్చోళ్లది ఒకటి నేసినం. నిలువు పడుగు నూలు, అడ్డం పేక ఊలు."

"మిగతా మగ్గాల మీద ఊలు లేదా?"

"ఉన్నది. అందరు నేస్తరు."

రాజేశ్వర్ రావు కదిలాడు. ఆ మాటతో అంతా మళ్లీ మొదటికొచ్చినట్టే. కానీ సారమ్మ వదల్లేదు. "మరి చర్చోళ్లదానికి, మిగతా వాటికి తేడా ఏంది? మొదటి నుంచి చెప్పన్నా, ఊలు వచ్చినకాడి నుంచి మీరు ఏం చేస్తరో."

మార్కండేయులు చెప్పడం మొదలుపెట్టాడు. ఊలు వస్తే దులిపి, వడికి, చిలపలు, అంటే నూలు చుట్టలు కట్టి, రంగు కాగులో వేస్తారు. కాగు కింద పొద్దంతా మంట. కుతకుత ఉడకాలి, లేకపోతే రంగు పట్టదు. తీసి ఆరేసి, కండెలు చుట్టి, అప్పుడు మగ్గం ఎక్కిస్తారు.

"చర్చోళ్లది కూడ అట్లనే ఉడకబెట్టిన్రా?"

"లేదమ్మా." ఆ ప్రశ్న అడగడమే తప్పన్నట్టు చూశాడు మార్కండేయులు. "అది దేవునికిచ్చేది గద. కోరగనే ఉండాలె. నీళ్లు తాకిన గుడ్డ, ఉడకబెట్టిన నూలు దేవునికి పనికిరాదు. మార్కండేయ స్వామికి వస్త్రం నేసినా అంతే, మా తాతల కాడి నుంచి. వాళ్ల దేవుడైతే మాత్రం ఎంగిలిది ఇస్తమా? ఎర్రంచు వేయమని పాస్టరు అడిగిండు గని, మేమే వద్దన్నం. తెల్లటిది, వచ్చినది వచ్చినట్టు నేసిచ్చినం."

పొద్దంతా ఉడికితే క్రిమి చచ్చిపోయేది, ఉడకని ఊల్లో బతికి ఉండిపోయింది. ఆ చర్చివాళ్లకు కోరా అంటే ఏమిటో తెలియదు, వాళ్లు అడగనూ లేదు. ఎవరి దేవుడైనా దేవుడే అనుకున్న ఒక ముసలి నేతగాడి భక్తి ఇందరిని మంచాన పడేసింది. ఆ మాట ఆయనకు ఇవాళ చెప్పకూడదనుకుంది సారమ్మ. ఇంకో రోజు, మెల్లగా చెప్పాలి.

"సిద్దిరాములు ఊలు మూటను ఏ భుజానికి ఎత్తుకునేటోడు?"

"ఎడమ భుజానికి. మెడకు ఆనిచ్చి."

సిద్దిరాములు పుండు ఎడమవైపు మెడ మీద. యాదవ్వ కండె చుట్టేటప్పుడు పోగు ముంజేతి మీదుగా పోతుంది, పుండు అక్కడే. రాజేశ్వర్ రావుకు ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. జేబులోంచి నోట్సు తీసి, "రెండు జాగలు" అని రాసుకున్నచోట గీత కొట్టాడు. ఆయన తప్పు ఒప్పుకోవడానికి వెనకాడే రకం కాదు. ఆ మాటకొస్తే ఢిల్లీలో ఆయన చెప్పింది వినడానికి అదే కారణం.

"రెండు జాగలు కాదు," అన్నాడు. "ఒక్కటే. ఒక్క మూట ఊలు. చచ్చిన గొర్రెది అయ్యుంటది. నువ్వు గెలిచినవ్ సారమ్మా."

"నేను గెలుచుడు కాదు, ఏలియాను విడిచిపెట్టుమని ఠానాకు చెప్పు. ఆ గొర్రె ఎక్కడిదో పశువుల డాక్టరుతోని వెతికిద్దం. ధర్మసాగర్ దిక్కా, నర్సంపేట దిక్కా, ఇంకా ఆ మందల ఎన్ని ఉన్నయో." ఆవిడ మార్కండేయులు వైపు తిరిగింది. పని అయిపోయిన మనిషి అడిగే తేలిక గొంతుతో అడిగింది. "ఊలు ఎవరి దగ్గర కొన్నరన్నా?"

"మేం కొనలే డాక్టరమ్మా. నూలు మాది, ఊలు వాళ్లదే. చర్చోళ్లే తెచ్చిచ్చిన్రు."

"చర్చోళ్లంటే ఎవరు?" అన్నాడు రాజేశ్వర్ రావు.

"ఇంకెవలు సారూ, మన ఏలియానే. సైకిలు వెనుక మూట కట్టుకోని వచ్చి ఇగో, ఇక్కడనే దించిండు."

రాజేశ్వర్ రావు అరుగు మీద కూర్చుండిపోయాడు. ఆయన ముఖంలో గెలుపు లేదు, నిజం చెప్పాలంటే బాధే ఉంది. "సారమ్మా, పొద్దుగాల నా దగ్గర సాధనం ఉండె. మనిషి ఉండె. రెండు జాగల నడుమ తొవ్వ మాత్రం లేకుండె. ఆ తొవ్వ ఇప్పుడు నువ్వే వేసిచ్చినవ్."

"ఊలు మోసినోడల్ల నేరం చేసినోడు కాదు." సారమ్మ గొంతు ఏమాత్రం తగ్గలేదు. "తెలవక తెచ్చిండు. దొమ్మ సోకిన ఊలని ఎరుకైతే తన పెండ్లాన్ని దాని మీద మోకరిల్లనిస్తడా? నీ మూడు మాటల పక్కన ఈ నాలుగో మాట రాసుకో. రాసుకోని ఫోన్ చెయ్."

రాజేశ్వర్ రావు ఆలోచించాడు. న్యాయమైన మాటే. భార్యను చంపుకోవాలనుకునేవాడు ఎవడైనా ఉండొచ్చు గానీ, అందుకోసం ఒక చర్చినీ ఒక గల్లీనీ పోగేసుకోడు. "రాస్త," అని కలం మూత తీశాడు. "తెలవక తెచ్చిండని రాస్త."

"తెలవక కాదు, డాక్టరమ్మా."

గోడకు ఆనుకుని ఉన్న యాదవ్వ మాట అది. వీళ్లు వచ్చినప్పటి నుంచి ఆమె నోరు విప్పడం ఇదే. గొంతు గట్టిగా లేదు, కానీ ఎవరూ అడ్డురాలేదు.

"మూట దించేటప్పుడు ఆయన చేతులకు తొడుగులున్నయి. మీ దవాఖానోళ్లు వేసుకునేటివి, రబ్బరువి. మా ఆయన నవ్విండు కూడ, 'ఏంది ఏలియా, మా గడప అంత మైలపడ్డదా' అని. ఆయన తల వంచుకోని పోయిండు, ఏం చెప్పలే. ఉత్త చేతులతోని ముట్టకురి అని ఆ ఒక్క మాట చెప్తే, మా ఆయన ఇయ్యాల ఇక్కడ కూసోని ఉండేటోడు."

రాజేశ్వర్ రావు కలం 'తెలవక' అన్న మాట మీద ఆగిపోయింది. పొద్దున్నుంచి ప్రతి మాటకూ మాట ఉన్న సారమ్మ లేచి లోపలికి వెళ్లి యాదవ్వ పక్కన నేల మీద కూర్చుంది.